వచ్చేను, వచ్చాను

తొమ్మిదో తరగతి వార్షిక పరీక్షలో సుందరికి తెలుగులో అర మార్కు పోయింది. ‘మా ఊరి తీర్థం’ అన్న వ్యాసంలో ‘చీకటి పడ్డాక ఇంటికి వచ్చేను’ అని రాసింది. హెడ్మాస్టరు సూర్యప్రకాశరావు గారు ‘చ్చే’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పైన ‘చ్చా’ అని రాసి అర మార్కు కోసేశారు. పేపర్లు ఇచ్చేటప్పుడు ఆ సంగతి క్లాసంతటికీ చెప్పారు. నోటితో ఎలాగైనా అనుకోండి, మీ ఇళ్ళల్లో అలాగే అంటారు, మా ఇంట్లోనూ అంటారు, కలం పట్టుకున్నప్పుడు మాత్రం వచ్చాను, వెళ్ళాను, చూశాను. ఆ అర మార్కుతోనే ఫస్టు రావలసిన సుందరి సెకండొచ్చింది. అందుకని ఇరవై ఏడేళ్ళయినా ఆమెకు ఆ సున్నా గుర్తుంది.

ఇప్పుడు ఆమెకు నలభై ఒకటి. కొత్తపేటలో కాపురం. భర్త మాణిక్యాలరావుకు అంబాజీపేటలో కురిడీల కొట్టు, ఎండు కొబ్బరికాయల వ్యాపారం. పొద్దున్న ఎనిమిదింటికి స్కూటరు మీద వెళితే రాత్రి భోజనానికే రావడం. కూతురు శిరీష కాకినాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతోంది, ఆదివారం ఫోను చేస్తుంది. పిల్ల హాస్టలుకు వెళ్ళిన రెండో నెలలో, ఒకరోజు మధ్యాహ్నం కుక్కరు మూత తీస్తూ సుందరి ఒక సంగతి గమనించింది. పొద్దున్నుంచీ తను ఒక్క మాటా మాట్లాడలేదు. పాలవాడు కూడా గుమ్మంలో పాకెట్లు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వారమే దూరవిద్యలో ఎం.ఏ. తెలుగుకు అప్లికేషను తెప్పించుకుంది.

రెండో ఏడాదిలో ఒక పేపరుకు బదులు చిన్న సిద్ధాంత వ్యాసం రాయవచ్చు. సుందరి ఆత్మకథా సాహిత్యం తీసుకుంది. పోస్టులో వచ్చిన పాఠాల పుస్తకంలో ఆత్మకథకీ జీవితచరిత్రకీ తేడా ఏమిటి, జ్ఞాపకాలకీ డైరీకీ తేడా ఏమిటి, అన్నీ వరసగా ఉన్నాయి. ఒక వాక్యం కింద ఆమె పెన్సిలుతో గీత గీసుకుంది: ‘ఆత్మకథలో రచయిత, కథ చెప్పేవారు, కథలోని ప్రధాన వ్యక్తి, ఈ ముగ్గురూ ఒక్కరే కావాలి.’

రాజమండ్రిలో పది రోజుల తరగతులకు వెళ్ళినప్పుడు గైడు గారు, అచ్చయిన ఆత్మకథల మీద అందరూ రాసినదే రాస్తున్నారనీ, అచ్చు కానిది ఏదైనా దొరికితే చూడమనీ అన్నారు. ఇంతవరకు ఎవరూ చూడనిది ఒక్కటి చూపించండమ్మా, ఫస్టు క్లాసు సంగతి నేను చూసుకుంటాను, అని కూడా అన్నారు. ఆ మాట పట్టుకుని సుందరి ఇంటికొచ్చింది. ఆమెకు ఉద్యోగం మీద ఆశేమీ లేదు. తను చదివినది చదివినట్టు ఇంకొకరికి తెలియాలని మాత్రం ఉంది.

మాణిక్యాలరావు నవ్వాడు. “ఎవరి కథో చదివి రాస్తే నీకు డిగ్రీ ఇచ్చేస్తారా?”

“ఇస్తారండి.”

“అయితే నాదే రాసెయ్యి. కురిడీలు, లారీలు. రెండు పేజీల్లో అయిపోద్ది.”

అతను చెడ్డవాడు కాడు. ఆ రెండు పేజీల్లో తను ఏ పేజీలో ఉంటుందో అడగబోయి, మజ్జిగ పోసింది.

సూర్యప్రకాశరావు మేష్టారు పోయి రెండేళ్ళయింది. రిటైరయ్యాక ఆయన తన జీవితం రాయించారని ఊళ్ళో అందరికీ తెలుసు. రాయించారు అనే అనాలి, చెయ్యి వణుకుతుండేది కాబట్టి. ఆయన చెప్పడం, భార్య అచ్చమ్మ గారు రాయడం. పన్నెండు పొడుగు నోటు పుస్తకాలు. అచ్చమ్మ గారు అమలాపురంలో ఒక ఇంటి వెనక భాగంలో, రెండు గదుల్లో అద్దెకుంటున్నారు. పిల్లలు లేరు. డెబ్భై రెండేళ్ళ మనిషి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. అన్నం తనే వండుకుంటారు గాని అక్షరం ఆనదు.

ఆ పుస్తకాలు చదవడానికి సుందరి ప్రతి మంగళవారం పదిన్నర బస్సుకు అమలాపురం వెళ్ళేది. బస్సు అంబాజీపేట మీదుగా పోతుంది. కొట్టు రోడ్డు పక్కనే. కిటికీలోంచి చూస్తే మాణిక్యాలరావు ఎవరో లారీ మనిషితో నిలబడి మాట్లాడుతూనో, కురిడీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూస్తూనో కనిపించేవాడు. ఒక్కసారీ బస్సు వైపు చూడలేదు. చూడాలని అతనికి తెలియదు కూడా.

అచ్చమ్మ గారు నోటు పుస్తకాలు ఇంటికి ఇచ్చేవారు కాదు. ట్రంకు పెట్టె తెరిచి ఒక్కొక్కటీ ఇచ్చి, సుందరి కిటికీ దగ్గర కూర్చుని రాసుకుంటుంటే తను చేటలో ఏదో బాగుచేస్తూ ఎదురుగా కూర్చునేవారు. మొదటి ఏడు పుస్తకాలూ మేష్టారి గొంతు విన్నట్టే ఉన్నాయి. ఎక్కడ పుట్టారు, ఎంత దూరం నడిచి చదువుకున్నారు, స్కూలు పెట్టినప్పుడు తాటాకు పాక, తరవాత పెంకులు, ఆ తరవాత డాబా. భార్య మాట వచ్చినప్పుడల్లా ‘ఇంట్లో’ అని ఉంది. ఇంట్లో చెప్పాను. ఇంట్లో ఒప్పుకున్నారు. ఇంట్లో ఒంట్లో బాగోలేదు. ఆ మాట రాసిన చెయ్యి అచ్చమ్మ గారిదే. ఏడు పుస్తకాల్లో ఎక్కడా ఆమె పేరు లేదు.

నాలుగో పుస్తకంలో ఇలా ఉంది: ‘ఆ వేసవిలో నేను కాకినాడలో ట్రైనింగులో ఉండగా ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టి పోయింది. తిరిగి వచ్చాక స్కూలుకు పెంకులు వేయించే పని మొదలుపెట్టాను.’

ఎనిమిదో పుస్తకంలో సుందరి మొదటి ‘వచ్చేను’ చూసింది.

చేతి పొరపాటనుకుంది. పది పేజీలు పోయాక ‘చూసేను’. మళ్ళీ కొన్ని పేజీలు అంతా సవ్యంగా, వచ్చాను, చూశాను. మళ్ళీ రెండు పేజీల నిండా పెట్టేను, వెళ్ళేను, చెప్పేను. మేష్టారు ఇలా పలకరు. ఎవరైనా పలికినా ఊరుకోరు. సుందరి పొరపాట్లన్నీ ఒక కాగితం మీద పేజీ నంబర్లతో రాసుకుంది, ఇంట్లో పప్పులు అయిపోయినవి రాసుకున్నట్టు.

ఆమెకు అసలు సంగతి తెలిసింది రెండో అధ్యాయం రాసేటప్పుడు. అందులో కథానాయకుడి జీవితం ఏళ్ళ వారీగా, తన మాటల్లో రాయాలి. తొమ్మిదో పుస్తకంలో ఈ వాక్యాలున్నాయి: ‘ఎనిమిదో క్లాసులో నన్ను బడి మానిపించేరు. పుస్తకాల సంచి అటక మీద పెట్టేరు. మూడు రోజులు రోజూ నిచ్చెన వేసుకుని చూసి వచ్చేను.’ సుందరి తన కాగితం మీద ‘ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు’ అని రాయబోయి ఆగింది. మేష్టారు ఒక్క ఏడాది కూడా చదువు ఆపలేదు, రెండో పుస్తకంలో ఆ మాట గొప్పగా చెప్పుకున్నారు. ‘మానేశాడు’ కొట్టేసి కలం పట్టుకుని కూర్చుంది. తరవాత నెమ్మదిగా ‘మానేసింది’ అని రాసి చూసింది.

వాక్యం సరిపోయింది.

వేరొకళ్ళ గురించి చెప్పేటప్పుడు తెలుగులో వచ్చాడా వచ్చిందా అని తేల్చక తప్పదు. తన గురించి చెప్పుకునేటప్పుడు ఆ బాధ లేదు. మగవాడైనా నేను వచ్చాను, ఆడదైనా నేను వచ్చాను. ‘నేను’ అన్న మాట ఒక గొడుగు లాంటిది, కింద ఎవరున్నారో పైనుంచి కనపడదు. మేష్టారి చూపు తగ్గింది ఎనిమిదో పుస్తకం నాటికే. తరవాత ఆయన తిరగేసి చూసుకోలేదు. ఆయన చెప్పి ఊపిరి తీసుకునే వ్యవధిలోనో, ఆయన పడుకున్న మధ్యాహ్నాల్లోనో అచ్చమ్మ గారు ఆయన గొడుగు కిందికి వచ్చేశారు. ఒక్క ‘చ్చే’ మాత్రం బయట ఉండిపోయింది.

అదే తొమ్మిదో పుస్తకం చివర, వరస తప్పి, ఈ నాలుగు పంక్తులు: ‘పాప పదకొండు రోజులుంది. పేరు ఇరవై ఒకటో రోజున పెడతారు కాబట్టి పేరు లేదు. నేను మనసులో ఒకటి పెట్టేను, ఎవరికీ చెప్పలేదు. ఆఖరి రోజు ఒళ్ళో పెట్టుకుని గోడకి చేరబడి అలాగే నిద్రపోయేను. లేచి చూసేను.’

అక్కడితో సరి. తరవాతి వాక్యం స్కూలు ఇన్‌స్పెక్షను గురించి.

ఆ మంగళవారం సుందరి పుస్తకం మూసి అడిగింది. “పిన్నిగారండీ, ఎనిమిదో పుస్తకం నుంచి కొన్ని పేజీలు మేష్టారు చెప్పినవి కావనుకుంటానండి.”

అచ్చమ్మ గారి చేతిలో చేట ఆగలేదు. “మీ మేష్టారు చెప్పేరు, నేను రాసేను. నాకేం తెలుసమ్మా.”

“చాలా బాగున్నాయండి అవి.”

“మీ మేష్టారు బాగా చెప్పేవారు,” అని ఆవిడ లేచి చేటలో మట్టిబెడ్డలు పారబోయడానికి దొడ్లోకి వెళ్ళిపోయారు.

ఆ ఒక్క మాటకు ఆవిడ అటూ తను ఇటూ మిగిలిపోయారు. తలుపు తీస్తారనుకున్న సుందరికి గుమ్మంలోనే కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చినట్టయింది. బస్సులో కొట్టు ఎప్పుడు దాటిందో కూడా చూసుకోలేదు.

అప్పుడే త్రిమూర్తులు గారి దగ్గర నుంచి కబురొచ్చింది. ఆయన అమలాపురం కోర్టులో ప్లీడరు, స్కూలు పూర్వ విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు. ఫిబ్రవరిలో స్కూలు స్వర్ణోత్సవం. మేష్టారి ఆత్మకథ ఆ రోజు అచ్చులో రావాలి. సుందరి వెళ్ళి కలిస్తే, ఎలాగూ చదువుతున్నావు కదా, ప్రెస్సుకి ఇచ్చే సాపు ప్రతి నువ్వే రాసిపెట్టమ్మా అన్నారు. సుందరి ఒప్పుకుంది. లేచి వస్తుంటే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఇంకో మాట చెప్పారు.

“అమ్మగారు పక్కన కూర్చుని రాసేరు కదా, పాపం పెద్దావిడ, ఏవన్నా కలిపేరేమో కూడా చూడమ్మా. మేష్టారిది కానిది ఒక్క ముక్క ఉండకూడదు. భాష కూడా అంతా ఒక్కలాగే ఉండాలి. ఆయన పుస్తకంలో తప్పులుంటే మనల్ని చూసి నవ్వుతారు.”

“ఆయ్, అలాగేనండి,” అంది సుందరి.

ఇంటికొచ్చి లెక్క చూసుకుంది. అచ్చమ్మ గారి పేజీలు డెబ్భై పైన. ఆ ‘చ్చే’లు అలాగే ఉంచితే త్రిమూర్తులు గారి కన్ను వాటి మీద పడుతుంది, ఆయన కూడా మేష్టారి దగ్గరే చదువుకున్నారు, ఆయనకూ అర మార్కులు పోయే ఉంటాయి. ఒక తీగ పట్టుకుంటే పందిరంతా వస్తుంది. బడి పోతుంది, అటక పోతుంది, పాప పోతుంది. దిద్దేస్తే ఎవరికీ అనుమానం రాదు. అన్నీ ఉంటాయి, మేష్టారి పేరు కింద.

సిద్ధాంత వ్యాసం సంగతీ అంతే. ఎవరూ చూడనిది ఆమెకు దొరికింది. అయిదో అధ్యాయంలో అది రాస్తే ఫస్టు క్లాసే. రాస్తే ఆ కాగితం గైడు గారి దగ్గర ఆగదు, ఫిబ్రవరి లోపల అమలాపురం చేరుతుంది.

ఎవరినైనా అడగాలనుకుంది. భోజనం దగ్గర మాణిక్యాలరావుకు మొదలుపెట్టింది. అతను శ్రద్ధగానే విన్నాడు. “అయితే ముసలావిడ ఆయన పేరు మీద రాసేసిందంటావు. గట్టిదే,” అని, ఫోను మోగితే లేచి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆ మాట ఇద్దరి మధ్యా చల్లారిపోయింది.

నవంబరు నెలంతా సుందరి, మంగళవారాల్లో ఎత్తి రాసుకొచ్చిన కాగితాలు ముందు పెట్టుకుని, సాపు ప్రతి రాసింది. ‘వచ్చేను’ ఉన్న చోటల్లా ‘వచ్చాను’ అని రాసింది. పెట్టాను, చూశాను, నిద్రపోయాను. ఒక్కటీ వదల్లేదు. ఏ పని చేసినా అలా చేయడం ఆమెకు అలవాటు. మేష్టారు బతికుంటే ఈసారి పూర్తి మార్కులు వేసేవారు.

సిద్ధాంత వ్యాసం తొంభై పేజీలు వచ్చింది. అందులో అబద్ధం రాయకూడదనుకుంది, నిజమూ చెప్పలేదు. అందుకని వ్యాసం మొత్తం మీద ఒక్కసారి కూడా ‘ఆయన’ అనలేదు. ‘ఈ కథ చెప్పినవారు’ అంది, ‘ఈ నేను’ అంది, చిట్టచివరికి ‘రాసిన చెయ్యి’ అంది. ఇరవై చోట్ల మూలం నుంచి వాక్యాలు ఎత్తి చూపించింది. వాటిని మాత్రం నోటు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఉంచింది. ఉదాహరణ దిద్దకూడదని పాఠాల పుస్తకంలో ఉంది.

జనవరిలో రాజమండ్రిలో మౌఖిక పరీక్ష. పరీక్షకు వచ్చినాయన పెద్దమనిషి, మర్యాదగా మాట్లాడారు. శైలి కొంచెం చిత్రంగా ఉందన్నారు. ‘ఆయన’ అంటే పోయేదానికి ఇంత చుట్టు తిప్పడమెందుకని అడిగారు. సుందరి గొంతులోకి జవాబంతా వచ్చింది. ఈ ఒక్కరికైనా తెలుస్తుందేమోనని ఆయన ముఖంలోకి చూసింది. ఆయన అప్పటికే పేజీలు తిప్పుతున్నారు. ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. “టైపు తప్పులు కూడా చూసుకోవాలమ్మా. పెట్టేను, వచ్చేను, ఇలా ఉన్నాయి చాలాచోట్ల.”

“మూలంలో అలాగే ఉందండి.”

“అలాంటప్పుడు ఆ మాట పక్కన రాయాలి.”

సెకండు క్లాసు వచ్చింది.

స్వర్ణోత్సవం రోజు అచ్చమ్మ గారిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. ముందుమాటలో, పతి చెప్పినది అక్షరం పొల్లుపోకుండా రాసిన సాధ్వి అని త్రిమూర్తులు గారు రాశారు. అదే వేదిక మీద చదివారు కూడా. అచ్చమ్మ గారు చేతిలో పుస్తకం బోర్లా పట్టుకుని, అట్ట మీద మేష్టారి ఫోటో ఎటు ఉందో చూపు ఆనక, వేళ్ళతో తడుముకుంటూ కూర్చున్నారు.

తరవాతి మంగళవారం సుందరికి అమలాపురం వెళ్ళే పనేమీ లేదు. వ్యాసం అయిపోయింది, పుస్తకం అయిపోయింది. అయినా పదింటికల్లా చీర మార్చుకుంది.

అచ్చమ్మ గారు ఎదురు చూస్తున్నట్టే పుస్తకం బల్ల మీద పెట్టి ఉంచారు. కాసేపు ఎండల గురించి మాట్లాడి, “కొంచెం చదువమ్మా,” అన్నారు.

“ఎక్కడ నుంచండీ?”

“ఇన్‌స్పెక్షనుకి ముందు.”

సుందరి పేజీ వెతకక్కర్లేదు. చదివింది. పాప పదకొండు రోజులుంది. ‘నేను మనసులో ఒకటి పెట్టాను, ఎవరికీ చెప్పలేదు.’

అచ్చమ్మ గారు చెయ్యెత్తి ఆపారు. “మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివింది. అచ్చమ్మ గారి కనుబొమలు ముడిపడ్డాయి, రాయి నోట్లో తగిలినట్టు. సుందరి ముందుకు పోయింది. ‘గోడకి చేరబడి అలాగే నిద్రపోయాను. లేచి చూశాను.’

“నేను అలా రాయలేదు,” అన్నారు అచ్చమ్మ గారు.

ఆవిడ అన్నది ఆవిడా విన్నారు. వెనక్కి తీసుకోలేదు.

“నిద్రపోయేను అని రాసేను. చూసేను అని రాసేను. ఇదెవరో చెపుతున్నట్టుంది.”

సుందరి పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. “నేనే దిద్దేనండి. అలాగే ఉంచితే మేష్టారివి కావని తెలిసిపోయి, అసలుకే తీసేస్తారేమోనని.”

అచ్చమ్మ గారు కిటికీ వైపు తిరిగారు. కోపమో కాదో ఆ కళ్ళలో తెలియదు. ఆవిడ డెబ్భై పేజీల్లో దాక్కుని, గుర్తుపట్టేవాళ్ళు పడతారని ఒక్క కొంగు చివర బయట ఉంచుకున్నారు. గుర్తుపట్టిన మనిషే దాన్ని లోపలికి తోసేసింది. సుందరికి ఇన్నాళ్ళూ తను ఆవిడను కాపాడుతున్నాననే ఉంది.

“ఎన్ని అచ్చువేసేరు?” అని అడిగారు చివరికి.

“అయిదు వందలండి.”

“సరే. అవి వాళ్ళవి.” ఆవిడ తడుముకుంటూ బల్ల సొరుగు లాగారు. అడుగున మేష్టారి ఎర్ర సిరా కలం ఉంది, పక్కనే సీసా. సిరా అడుగంటి చిక్కపడింది. “రెండు చుక్కలు నీళ్ళు పోస్తే రాస్తుంది. ఈ పుస్తకం మాత్రం నాది కదా. దీన్లో దిద్దు.”

సుందరి దిద్దింది. ‘ట్టా’ చుట్టూ సున్నా చుట్టి పైన ‘ట్టే’ అని రాసింది. ‘శా’ చుట్టూ చుట్టి ‘సే’. ఒక్కొక్కటి దిద్దాక వాక్యం పైకి చదివితే, అచ్చమ్మ గారు “ఆయ్” అని తలూపేవారు. తలూపాకే తరవాతి దానికి పోవాలి. రెండున్నరకు తొమ్మిది పేజీలయ్యాయి. పాప పేరేమిటో సుందరి అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

“మీ మేష్టారు చూస్తే,” అన్నారు అచ్చమ్మ గారు కలం సొరుగులో పెట్టేస్తూ, “ఇద్దరికీ చెరో అర మార్కు కోసేద్దురు.”

“కోసేద్దురండి.”

“వచ్చే మంగళవారం రా.”

తిరుగు బస్సులో కిటికీ సీటే దొరికింది. కొట్టు ముందు లారీ అడ్డంగా ఉండి మాణిక్యాలరావు కనిపించలేదు. ఇంటికొచ్చి తాళం తీసి, కాళ్ళు కడుక్కుని, కుక్కరు పెట్టింది. చూపుడు వేలి మీద ఎర్ర సిరా సబ్బుకి పోలేదు. ఎవరికైనా చూపించాలనిపించింది. చూపిస్తే చెప్పాలి, చెప్పాలంటే అర మార్కు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

మాణిక్యాలరావు స్కూటరు స్టాండు వేసి లోపలికొస్తూ, చొక్కా కొక్కానికి తగిలిస్తూ అడిగాడు. “అమలాపురం వెళ్ళొచ్చేవా?”

“వచ్చేను,” అంది సుందరి.

అతను తలూపి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.